మధ్యాహ్నం మాట్లాడబోయే మా పాపకు

నల్లమాడ



బర్క్‌లీలో మీ పురావస్తు పరిశోధన కేంద్రం వాళ్ళు బుధవారం మధ్యాహ్నం పెట్టే ప్రసంగాల్లో ఈసారి నీ వంతు వచ్చిందనీ, మన పక్క ఉన్న పాతకాలపు బూడిద దిబ్బల గురించి మాట్లాడబోతున్నావనీ మీ నాయన చెప్పినాడు. ఇంటిల్లిపాదికీ సంతోషం. పని ఇంకా సగంలో ఉంది, ఏ మొహం పెట్టుకుని నిలబడేది అని దిగులు పడుతున్నావంట. ఆ దిగులు గురించే ఈ ఉత్తరం.

పని ముగించిన వాళ్ళకు పత్రికలున్నాయి, పెద్ద సభలున్నాయి. అన్నం వేళ గంటసేపు కూర్చుని వినే ఆనవాయితీ ముగియని పని కోసమే. ఎముకలు చూసేవాళ్ళు, మాడిన గింజలు చూసేవాళ్ళు, కుండపెంకులు చూసేవాళ్ళు ఒకే గదిలో నీకోసం కూర్చుంటారు. నీకు తెగని ప్రశ్న ఏదో మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పేయి. దాన్ని చివరిదాకా దాచిపెట్టుకుంటే వాళ్ళు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు, నీ ప్రశ్న నీ దగ్గరే ఉండిపోతుంది.

చిక్కు ప్రశ్నను పలువురి ముందు పెడితేనే తెగుతుందనడానికి నువ్వు ఎంచుకున్న విషయపు చరిత్రే సాక్ష్యం. బళ్ళారి పక్క కుప్పగల్లు దిబ్బను చూసి ఊళ్ళోవాళ్ళు రాక్షసుణ్ణి కాల్చిన బూడిద అన్నారు. చదువుకున్నవాళ్ళలో కొందరు అగ్నిపర్వతం అన్నారు, కొందరు లోహం కరిగించిన చిట్టెం అన్నారు. 1863లో పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తుపట్టిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ మాత్రం ఇది పశువుల పేడ కాలిన బూడిదని చెప్పినాడు. అయినా వాదం ఆగలేదు. 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ పాలమూరు వైపు ఉట్నూరులో తవ్వితే పొరల్లో పశువుల గిట్టల అచ్చులు, చుట్టూ దడి కట్టిన గుంజల గుంతలు బయటపడినాయి. ఆ తర్వాత జాయినర్ అనే శాస్త్రవేత్త బూడిదను సూక్ష్మదర్శినిలో చూసి పేడేనని తేల్చినాడు. గిట్టల అచ్చు చూపించినాక రాక్షసుడూ పోయినాడు, అగ్నిపర్వతమూ పోయింది.

కానీ ఆ పేడను ఎందుకు కాల్చినారు? ఇక్కడ అచ్చులు లేవు, ఊహలే ఉన్నాయి. మన భోగిమంటల లాంటి పండగ మంటలేమోనని ఆల్చిన్ అనుకున్నాడు. ఈ దిబ్బలు మందలు మాత్రమే ఆగిన తావులు కావు, జనం కాపురమున్న ఊళ్ళు అని బూదిహాళ్ తవ్వకం తర్వాత పద్దయ్య గారు వాదించినారు. కళ్యాణదుర్గం పక్క పాలవాయిలో వి. రామిరెడ్డి గారు చేసిన పని పుస్తకంగా 1976లోనే వచ్చింది. అనంతపురం నేల మీద జరిగిన పని అది, దాని పేరు తప్పకుండా ఎత్తు. నీ ప్రసంగంలో నేను కోరేది ఒకటే: కంటితో చూసినదాన్నీ, దాన్నుంచి నువ్వు ఊహించినదాన్నీ కలిపేయవద్దు. ‘ఇది గిట్ట అచ్చు’ అనేటప్పుడు ఉన్న గొంతుతోనే ‘ఇది పండగ మంట’ అనకూడదు. వినేవాడికి ఆ తేడా తెలిస్తేనే నిన్ను సరిదిద్దగలడు.

సరిదిద్దగలవాళ్ళు నీ గదిలో మాత్రమే ఉండరు. ఎండాకాలం చేలల్లో గొర్రెల మంద తోలించుకోవడం నువ్వు పుట్టినప్పటి నుంచీ చూసినదే. రాత్రంతా మంద ఉన్న చోట తెల్లారి ఎంత ఎరువు పడుతుందో, ఎన్ని రాత్రులకు ఎంత మందం పేరుతుందో, ఎండిన పెంటకు నిప్పంటుకుంటే ఎన్నాళ్ళు కాలుతుందో కురుబ పెద్దలను అడిగినావా? నువ్వు రాసుకున్న లెక్కల్లో ఒక్కొక్క పొరకు ఇన్నేళ్ళు అని ఉందని మీ నాయన చెప్పినాడు. ఆ లెక్కను ముందు వాళ్ళ ముందు పెట్టు. ఆవుల దొడ్డి వేరు, గొర్రెల మంద వేరు, నిజమే. ఆ తేడా ఎంతో చెప్పగలిగేదీ వాళ్ళే. సెలవుల్లో వచ్చినప్పుడు నేను వెంట వస్తాను.

ఇక గింజల సంగతి. ఫుల్లర్, కోరిసెట్టార్ గార్లు పాత ఊళ్ళ మట్టిని నీళ్ళలో కలిపి, పైకి తేలిన మాడు గింజలను ఏరి చూస్తే ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరికినాయి. ఇప్పుడు మన చేలు చాలావరకు వేరుశనగే. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. ఉలవలు మాత్రం నాలుగు వేల ఏళ్ళ కిందటే ఈ ఎర్రనేలలో ఉన్నాయి. అమెరికాలో వినేవాళ్ళలో చాలామందికి ఉలవ అంటే ఏమిటో తెలియదు, కొన్ని గింజలు తీసుకుపోయి చేతికి ఇవ్వు.

వాళ్ళకు తెలిసిన దిబ్బతో మొదలుపెడితే ఇంకా మంచిది. మీ బర్క్‌లీ పక్కనే ఎమరీవిల్‌లో ఒలోనీ ప్రజలు వేల ఏళ్ళపాటు పేర్చిన గవ్వల దిబ్బ ఉండేది. 1902లో మాక్స్ ఊలె అక్కడ తవ్వినాడు. 1924లో దాన్ని చదును చేసేసినారు, ఇప్పుడక్కడ అంగళ్ళు. మన బూడిద దిబ్బలూ బండ్లకొద్దీ చేలకు ఎరువుగా పోయినాయి. సంగనకల్లు, కుప్పగల్లు కొండలను క్వారీలు కొంతమేర తినేసినాయి. అమెరికాలో 1990 చట్టం వచ్చినాక మ్యూజియాల్లోని తమ పెద్దల ఎముకలను తెగలవాళ్ళు అడిగి తెచ్చుకోగలుగుతున్నారు. 2024లో బర్క్‌లీ నగరం వెస్ట్ బర్క్‌లీ గవ్వల దిబ్బ స్థలాన్ని ఒలోనీ వాళ్ళకు తిరిగి చేర్చడానికి ఒప్పుకుంది. మన దగ్గర దిబ్బ పక్క పొలం రైతును అలా కూర్చోబెట్టి అడిగేవాళ్ళు తక్కువ. ఈ మాట నువ్వు అక్కడ చెప్పాలి. మనల్ని తక్కువ చేసుకోవడానికి కాదు, ఆ అలవాటు ఇక్కడికీ రావాలని.

ఒక జాగ్రత్త గట్టిగా చెబుతున్నాను. రాకాసి గుళ్ళనే పాతకాలపు రాతి సమాధులు, పాత గుడులు ఉన్న తావుల పటం తెర మీద వేయవద్దు. గుప్తనిధుల పిచ్చితో మన సీమలో రాత్రికి రాత్రి ఎన్ని గుళ్ళు తవ్విపోసినారో నీకు తెలుసు. నంది కడుపులో బంగారముందని పగలగొట్టినవాళ్ళున్నారు. ఫొటోలో తావు గుర్తులు దాగి ఉంటాయంటారు, అవీ తీసేయించు. మండలం పేరు దాకా చెబితే చాలు.

నీకు తోడు వచ్చినవాళ్ళ పేర్లు మాత్రం మొదట్లోనే చెప్పు, చివరి తెర మీద చిన్న అక్షరాల్లో కాదు. తట్ట మోసినామె పేరు, గుంత అంచు చూసి రంగు మారిందని కేకేసినవాడి పేరు, వాళ్ళు సరేనంటే. ఊరూరా పాత శాసనాలు పోగేయించిన కల్నల్ మెకంజీకి వాటిని చదివిపెట్టి, పండితులను కుదిర్చి, ఊళ్ళు తిరిగింది కావలి వెంకట బొర్రయ్య. 1803లో చిన్న వయసులోనే పోయినాడు. మెకంజీ ఆయన సాయాన్ని ఒప్పుకుని రాసినాడు గనుక ఈరోజు మనకు ఆ పేరు తెలుసు.

మాట్లాడేది గంటలో సగానికి మించవద్దు. తక్కిన సగం వాళ్ళకు వదిలేయి. ఎవరైనా నీ లెక్క తప్పంటే అప్పటికప్పుడు జవాబు చెప్పాలని లేదు, పేరు, మాట రాసుకుని రా.

ఎండాకాలం సెలవుల్లో అదే ప్రసంగం ఇక్కడ తెలుగులో చెప్పాలి. హైస్కూలు హెడ్మాస్టరుతో మాట్లాడతాను. మందలు తోలేవాళ్ళకు పగలు కుదరదు, రాత్రి భోజనాలయినాక పెడదాం. నీ పొరల పటాన్ని తెలుగు అక్షరాలతో గీసి పంపు, ఇక్కడ పెద్ద గుడ్డ మీద వేయించి ఉంచుతాను. ఉలవ గింజల ఫొటోలు కూడా పంపడం మరవద్దు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన