ఒక్క పూటే కదా అన్నప్పుడే కాగితం రాసుకోవాలి

ఎన్నికల డ్యూటీ పడిన టీచరమ్మకు రెండు రోజులు ఇల్లు కనిపించదు. ముందురోజు పొద్దున్నే డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌కు వెళ్లి సామగ్రి తీసుకోవాలి, ఆ రాత్రి పోలింగ్ కేంద్రంలోనే గడపాలి. మర్నాడు యంత్రాలు అప్పగించి ఇల్లు చేరేసరికి ఏ అర్ధరాత్రో అవుతుంది. భర్తదీ ప్రభుత్వోద్యోగమైతే ఆయనకూ అదే డ్యూటీ పడొచ్చు. మరి మూడేళ్ల బిడ్డ సంగతి?

మెదక్‌లో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ అత్తగారో, పక్కింటి అక్కో. కానీ 2016 అక్టోబరు 11న ఈ పట్టణం జిల్లా కేంద్రమైంది, 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. బదిలీ మీద వచ్చినవాళ్లకు, కిరాయి ఇళ్లలో దిగినవాళ్లకు ఇక్కడ అత్తగారు ఉండరు. అంగన్‌వాడీ ఉంది కదా అంటే అది పగటిపూట, పనిదినాల్లో నడిచేది. 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు. చిన్న బడికీ, చిన్న నర్సింగ్ హోమ్‌కూ ఆ లెక్క అందదు. టెట్ రాయడానికి సెంటర్‌కు వెళ్లే తల్లి, నైట్ డ్యూటీ నర్సు, శివరాత్రికి ఏడుపాయల జాతరలో బందోబస్తు పడిన కానిస్టేబుల్... వీళ్లకు కావలసింది నెలనెలా ఫీజు కట్టే డే కేర్ కాదు, అవసరమైన పూట బిడ్డను నమ్మకంగా చూసే ఇల్లు.

డిగ్రీ చదువుతున్నవాళ్లకూ, బీఎడ్ చేసి నోటిఫికేషన్ కోసం చూస్తున్నవాళ్లకూ, ఇంటి దగ్గరే ఉండి నాలుగు పైసలు సంపాదించాలనుకునే గృహిణులకూ ఇలా పూటకింత తీసుకుని పిల్లల్ని చూసుకోవడం పెట్టుబడి పెద్దగా అక్కర్లేని పని. అయితే ఎక్కువమంది దీన్ని మొహమాటంతో మొదలుపెట్టి మొహమాటంతోనే మానేస్తారు. "జర చూస్కో అక్కా, ఒక్క పూటే" అంటూ బిడ్డను గుమ్మంలో దింపి వెళ్లిపోతారు. డబ్బు మాట ఎవరూ ఎత్తరు. సాయంత్రం ఆరన్నవాళ్లు తొమ్మిదికొస్తారు. ఆ తర్వాత మనసులో గొణుగుడు మిగులుతుంది.

నా అభిప్రాయం ఒకటే. రోజూ వచ్చే బిడ్డకన్నా అప్పుడప్పుడు వచ్చే బిడ్డకే కాగితం ఎక్కువ అవసరం. రోజూ వచ్చే పిల్లకు ఏది పడదో, ఎవరిని చూస్తే నవ్వుతుందో, ఏ మేనమామ తీసుకెళ్తాడో నెలరోజుల్లో మీకే తెలిసిపోతుంది. మూడు నెలలకోసారి వచ్చే పిల్ల గురించి ఏమీ తెలియదు. ఆ తెలియనితనం మొత్తం కాగితం మీదే తీరాలి.

లైసెన్సు కావాలా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో ఒకరిద్దరు పిల్లల్ని చూసుకోవడానికి దేశమంతటికీ వర్తించే లైసెన్సు చట్టం మనకు లేదు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు ఉన్నా అవి ప్రైవేటు ప్లే స్కూళ్ల కోసం. ఇంగ్లండ్‌లో పద్ధతి వేరు. ఎనిమిదేళ్లలోపు పిల్లల్ని డబ్బు తీసుకుని సొంతింట్లో రోజుకు రెండు గంటలకు మించి చూస్తే ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర నమోదు కావాలి. సాయంత్రం 6 నుంచి రాత్రి 2 గంటల మధ్య మాత్రమే చూసేవాళ్లకు మినహాయింపు. ఏడాదికి 14 రోజులు మించనివాళ్లకూ మినహాయింపే గానీ, ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. అప్పుడప్పుడు చేసే పనిని అక్కడ రోజులు లెక్కపెట్టి మరీ గుర్తిస్తారు. ఇక్కడ లెక్కపెట్టేవాళ్లు లేరు గనుక ఆ బరువు మీరూ, తల్లిదండ్రులూ రాసుకున్న కాగితం మీదే పడుతుంది.

లైసెన్సు లేదు కాబట్టి చట్టం లేదనుకోవద్దు. బిడ్డ మీ చేతిలో ఉన్నంతసేపూ 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ మీకు వర్తిస్తుంది. సంరక్షణలో ఉన్న బిడ్డను కొట్టినా, హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. లైంగిక వేధింపు జరిగినట్టు తెలిసినా, జరగవచ్చని అనిపించినా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది. తెలిసి దాచితే ఆరు నెలల వరకు శిక్ష పడొచ్చు. "వాళ్లింటి గొడవ మనకెందుకు" అనే మాట ఇక్కడ చెల్లదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి.

ఇక ఒప్పందం. నోటిమాటతో కుదిరిన ఒప్పందం కూడా 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లుతుంది, రుజువు చేయడమే కష్టం. ఒప్పందం చేసుకునేవాళ్లకు 18 ఏళ్లు నిండాలి. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని అప్పటి పై కోర్టు ప్రీవీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. కాబట్టి ఇంటర్ చదివే పదిహేడేళ్ల అమ్మాయి పిల్లల్ని ఆడించగలదేమో గానీ సంతకం పెట్టాల్సింది వాళ్లమ్మ, బాధ్యత వహించాల్సిందీ ఆమే.

పూటపూటకూ స్టాంపు పేపరు కొనలేం. అందుకే రెండు అంచెల పద్ధతి చెబుతాను: కుటుంబానికి ఏడాదికొక ఒప్పందం, వచ్చిన ప్రతిసారీ ఒక చీటీ. ఏడాది ఒప్పందాన్ని మన దగ్గర వాడుకలో ఉన్న 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుంటే మంచిది. తెల్ల కాగితం మీద రాసినంత మాత్రాన అది చెల్లకుండా పోదు గానీ, కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే స్టాంపు సుంకం, దానిపై జరిమానా కట్టాలి. నోటరీ తప్పనిసరి కాదు. భాష తెలుగే ఉండనివ్వండి. ఇంటర్నెట్‌లో దొరికే ఇంగ్లిష్ నమూనాలో సగం మాటలు సంతకం పెట్టేవాళ్లకే అర్థం కావు. స్వయం సహాయక సంఘంలో తీర్మానాల పుస్తకం రాసిన చేతికి ఇదేమంత పని కాదు.

ఆ ఒప్పందంలో డబ్బు సంగతి మొదట తేల్చండి. గంటకు ఎంత, పూటకు ఎంత, రాత్రి ఉంటే ఎంత, చెప్పిన టైము దాటితే ప్రతి అరగంటకు ఎంత, ముందురోజు వద్దంటే అడ్వాన్సులో ఎంత తిరిగివ్వాలి. అన్నం, పాలు మీవా, వాళ్లు పంపిస్తారా అన్నదీ రాయండి. ఇంకో మాట కూడా అందులో ఉండాలి: డబ్బు బాకీ ఉన్నా బిడ్డను ఆపను. కోపం ఎంతైనా రావచ్చు, కానీ పైసల కోసం బిడ్డను పట్టుకుని కూర్చుంటే తప్పు మీ మెడకు చుట్టుకుంటుంది.

తర్వాత మీ ఇంటి సంగతి దాచకుండా చెప్పాలి. పగలు ఇంట్లో ఇంకెవరుంటారు, పైవాటాలో కిరాయికి ఎవరున్నారు, కుక్క ఉందా, సంపు మూతకు తాళం ఉందా, మేడ మెట్లకు గేటు ఉందా. ఒకేసారి ఎంతమంది పిల్లల్ని చూస్తారో అంకె వేయండి. మీరు దుకాణానికి వెళ్లినా బిడ్డను ఇంకొకరికి అప్పగించబోనని రాయండి. "ఏం జరిగినా మాకు సంబంధం లేదు" అనే వాక్యం మాత్రం పెట్టకండి. డబ్బు తీసుకుని చేసే సేవలో లోపం జరిగిందని వాళ్లు వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే ఆ వాక్యం మిమ్మల్ని కాపాడుతుందనే నమ్మకం లేదు. పైగా అది చదివిన తల్లి బిడ్డను మీ గుమ్మం ఎక్కించదు.

ఎవరు తీసుకెళ్లాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. తల్లీతండ్రీ ఇద్దరి సంతకాలూ ఉంటే ఏ చిక్కూ లేదు. విడిగా ఉంటున్న దంపతులైతే జాగ్రత్త. తల్లి దింపి వెళ్లాక తండ్రి వచ్చి "నా కొడుకు, నేను తీసుకుపోతా" అంటే మీరేం చేస్తారు? కస్టడీ మీద కోర్టు ఉత్తర్వు ఉంటే దాని జిరాక్సు ముందే అడిగి ఫైల్లో పెట్టండి. ఉత్తర్వు లేకపోతే, గొడవ నడుస్తోందని తెలిస్తే, ఆ బిడ్డను ఒప్పుకోకపోవడమే మేలు. ఇలా కాదనడం మన ఊళ్లో కష్టమని తెలుసు. అయినా కాదనాలి. మిగతావాళ్ల విషయంలో తీసుకెళ్లే మనుషుల పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు ఒప్పందానికి జతచేయించండి. పేరు లేని మనిషి వస్తే, తెలిసిన ముఖమైనా సరే, తల్లికి ఫోన్ చేశాకే అప్పగింత.

టీకాల కార్డు జిరాక్సు, ఏవైనా అలర్జీలు, గతంలో ఫిట్స్ వచ్చాయా, వాళ్లు చూపించే డాక్టరు పేరు, అత్యవసరమైతే మీరే ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చన్న అనుమతి కూడా ఏడాది ఒప్పందంలోనే ఉండాలి. బిడ్డ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడానికి విడిగా అనుమతి తీసుకోండి. లేకపోతే పెట్టకండి.

పూట చీటీ ఎలా ఉండాలో చూడండి. తేదీ, బాబు పేరు. పొద్దున 7:40కి తల్లి అప్పగించింది. తిని వచ్చినవి రెండు ఇడ్లీలు. ఒంటి మీద చెవిపోగులు బంగారువి, మొలతాడు వెండిది, ఎడమ మోకాలి మీద పాత గాయం. సంచిలో రెండు జతల బట్టలు, పాల సీసా. మందు: పారాసిటమాల్ సిరప్, 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములది, జ్వరం వస్తేనే, ముందు ఫోన్ చేసి, ఇన్ని మిల్లీలీటర్లు. తీసుకెళ్లేది మేనమామ, సాయంత్రం ఆరింటికి. కింద రెండు సంతకాలు. సాయంత్రం అప్పగించేటప్పుడు టైము వేసి, ఎన్నిసార్లు తిన్నాడు, ఎంతసేపు పడుకున్నాడు, ఎక్కడైనా పడ్డాడా రాసి మళ్లీ సంతకం.

బంగారం, పాత గాయం ఎందుకు రాయాలో వేరే చెప్పక్కర్లేదు. మందు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. అదే పారాసిటమాల్ 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములదీ దొరుకుతుంది, 250దీ దొరుకుతుంది. పసిపిల్లలకిచ్చే చుక్కల మందైతే ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. "జ్వరమొస్తే అరమూత పొయ్యి" అన్న మాట ఏ సీసా గురించో తెలియకపోతే మోతాదు రెండింతలో, అంతకన్నా ఎక్కువో అయిపోతుంది. తల్లి తెచ్చిన సీసా మీది అంకె చూసి రాయండి. మీ ఇంట్లో ఉన్న సీసా ముట్టుకోవద్దు.

ఇప్పటిదాకా చెప్పింది బిడ్డ మీ ఇంటికొస్తే. మీరే వాళ్లింటికి వెళ్లి చూసుకుంటే అది ఇంటిపనికి దగ్గరవుతుంది, రక్షణ అవసరం మీకే ఎక్కువ. ఒప్పందంలో వంట, గిన్నెలు మీ పని కాదని రాయించుకోండి. రాత్రి ఆలస్యమైతే ఇంటి దగ్గర దింపే బాధ్యత ఎవరిదో తేల్చండి. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టంలో ఇళ్లలో పనిచేసే మహిళలూ ఉన్నారు. ఫిర్యాదు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి మూడు నెలల్లోపు ఇవ్వాలి.

నమోదు కాగితాల్లో అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ కార్డు ఉచితం. ఇతరుల ఇళ్లలో పనిచేసేవాళ్లు ముందు ఇది చేయించుకోవాలి. సొంతింట్లో చూసుకునేవాళ్లకు ఆధార్‌తో వచ్చే చిన్న వ్యాపారాల ఉద్యమ్ నమోదు పనికొస్తుంది, అదీ ఉచితమే. వెయ్యి రూపాయలు అడిగేవాళ్లుంటే అది వాళ్ల కమీషన్. జీఎస్టీ సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటితేనే గనుక దాని ఊసు ఇప్పుడొద్దు. గోడకు బోర్డు తగిలించి, ఆయమ్మను పెట్టుకుని, పిల్లల సంఖ్య పెంచే రోజు వస్తే అప్పుడు మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖ నమోదు గురించి అడగాలి. కిరాయి ఇల్లయితే ఓనరుతో మాత్రం మొదటి రోజే మాట్లాడాలి. పనిలో పనిగా చదువు కూడా కావాలనుకునేవాళ్లకు ఇంటర్ అర్హతతో ఇగ్నోలో బాల్య సంరక్షణ, విద్యలో ఏడాది డిప్లొమా ఉంది. తర్వాత ప్లే స్కూల్ ఉద్యోగానికీ అక్కరకొస్తుంది.

ఒప్పందం రాసుకున్నాక ఒకసారి ఎవరికైనా చూపించాలనిపిస్తే లాయరు ఫీజు గురించి భయపడక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది. మెదక్‌లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. చీటీలన్నీ కుటుంబం వారీగా ఒక ఫైల్లో పెట్టి కనీసం మూడేళ్లు ఉంచండి. బాకీ వసూలుకు దావా వేసే గడువు మూడేళ్లు, వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్లు.