పాత నమూనాతో ఇంటిలో రవిక కుట్టుట

1851లో ఐజాక్ సింగర్ కుట్టుమిషనుకు పేటెంటు పొందెను. 1863లో ఎబినేజర్ బటెరిక్ అను అమెరికా దేశపు దర్జీ వివిధ కొలతల కాగితపు నమూనాలను అమ్మకమునకు తెచ్చెను. ఈ రెండును కలియుటచే దర్జీ దుకాణమునకు పోకయే గృహిణి తన దుస్తులను తానే కుట్టుకొనుటకు వీలు కలిగినది.

బార్కస్‌లోని మా ఇంట, ఇనుప పెట్టె అడుగున, అమ్మీ దాచిన రవిక నమూనా ఒకటి కలదు. పాత వార్తాపత్రికపై గీచి కత్తిరించినది. ఒక ఈదు పండుగకు చెల్లెలి కొరకు తెచ్చిన మీటరు గుడ్డపై దానిని పరచి, కొలువకయే కత్తిరించితిమి. రవిక చంకల వద్ద పట్టివేసినది. వేరొక మీటరు కొను శక్తి ఆనాడు మాకు లేదు. అమ్మీ ఒక్క మాటయు అనక, మిగిలిన పేలికలనుండి రెండు చదరపు ముక్కలు కత్తిరించి చంకల క్రింద అతికెను. పండుగ గడచినది. ఆ తప్పు మాకు నేర్పిన పాఠమే ఈ వ్యాసము.

మొదట నూలుగుడ్డను రాత్రి నీటిలో నానవేసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయవలెను. కుట్టిన పిదప గుడ్డ కుదించుకొనినచో శ్రమ వ్యర్థము.

తరువాత నమూనాను కొలువవలెను. ఛాతీ చుట్టుకొలత 32 అంగుళములైనచో, వదులునకు 2 అంగుళములు కలుపగా 34. అందు నాలుగవ వంతు ఎనిమిదిన్నర. నమూనాలో సగము వీపు, సగము ముందు భాగము ఒక్కొక్కటి ఇంత వెడల్పు ఉండవలెను. 30 అంగుళములకు గీచిన నమూనాలో ఎనిమిదే ఉండును. ఒక్కొక్క ముక్కకు అర అంగుళము కొరత! మేము గమనింపనిది ఇదియే. ప్రక్కన ఆ కొరతను పూరించి, చేతి వెడల్పును కూడ తదనుగుణముగ పెంచవలెను. భుజమును వేరుగ కొలువవలెను.

చాల పాత నమూనాలలో కుట్టుకు వదలు గుడ్డ చేరియుండదు. ప్రక్కలకు అంగుళము, భుజములకు అర అంగుళము, మెడకు పావు అంగుళము కలుపవలెను. ముందు అంచులలో హుక్కుల పట్టీకి వేరుగ చోటుంచవలెను. నమూనా నిలువు గీత పడుగు పోగుల వెంట సాగవలెను. మెడను చిన్నదిగనే కత్తిరించుట మేలు. పిదప పెంచవచ్చును గాని, పోయిన గుడ్డ తిరిగిరాదు. ముందుగా పాతచీర ముక్కపై కుట్టి, తొడిగి చూచుట ఉత్తమము.

కుట్టు వరుస ఇది: టక్కులు, హుక్కుల పట్టీలు, భుజములు, మెడకు ఐమూలగా కత్తిరించిన పట్టీ, చేతులు, పిమ్మట చేతి అంచునుండి నడుము వరకు ప్రక్క కుట్టు ఏకముగ, చివరకు క్రింది మడత.

నిజాం కాలమున అరబ్బు సైనికులు నివసించిన బ్యారక్సు స్థానికుల నోట బార్కస్ అయినది. పరాయి మాటయే నోటికి తగినట్లు మారినప్పుడు, పాత కాగితము శరీరమునకు తగినట్లు మారవలదా? నమూనాను గౌరవింతము, కాని కత్తెర పట్టుటకు ముందు టేపు పట్టుదము.