వృద్ధాప్యములో మెదడును కాపాడుకొనుట

ఈ పాఠము 60 ఏండ్లు దాటినవారికి మాత్రమే కాదు. 40 దాటినవారికి మరి ముఖ్యము. ముసలితనములో బయటపడు మెదడు జబ్బులు చాలావరకు నడివయస్సులోనే లోపల మొదలగును. కళ్ళజోడు ఎక్కడ పెట్టితిమో మరచుట వయస్సుతో వచ్చునది. నిత్యము నడిచిన వీధిలో దారి తప్పుట, ఎన్నో ఏండ్లు వండిన కూరకు ఏది ముందు వేయవలెనో తోచకపోవుట అట్టిది కాదు. వీటిని చూచి, 'ముసలితనము గదా' అని ఇంటివారు ఊరకుందురు. అక్కడనే నష్టము జరుగుచున్నది.

లాన్సెట్ అను వైద్య పత్రిక వారి నిపుణుల సంఘము 2024లో తేల్చిన లెక్క ప్రకారము, పదునాలుగు కారణములను అదుపు చేయగలిగినయెడల డిమెన్షియా అను మతిభ్రంశములో దాదాపు 45 శాతమును ఆపవచ్చును, లేదా ఆలస్యము చేయవచ్చును. రక్తపోటు, చక్కెర జబ్బు, చెడు కొలెస్ట్రాల్, పొగ త్రాగుట, మద్యము, కదలక కూర్చుండుట, ఒంటరితనము వాటిలో ఉన్నవి. చెవుడు కూడ ఉన్నది! వినబడనివారు నలుగురిలో కూర్చున్నను మాటలకు దూరమగుదురు. కళ్ళజోడుకు సిగ్గుపడని పెద్దలు చెవి యంత్రమునకు ఎందుకు సిగ్గుపడవలెనో నాకు తెలియదు.

ఇక భోజనము సంగతి. మెదడుకని వేరుగా టానిక్కు ఏదియు లేదు. గుండెకు మంచిదే మెదడుకు మంచిది. దినమునకు ఉప్పు 5 గ్రాములు, అనగా ఒక టీ చెంచా, మించకూడదు. మనము ఏ రాష్ట్రమునకు వచ్చినను ఆవకాయ జాడీని, అప్పడములను, ఎండు చేపలను మాత్రము విడువలేదు. వాటిని మానుమని చెప్పను గాని, ముద్దముద్దకు నంజుకొనుట తగ్గించవలెను. తోటకూర, పాలకూర, మునగాకు తరచు తినవలెను. గోంగూర పచ్చడి కంటె గోంగూర పప్పు మేలు. తెల్లన్నము తగ్గించుటకు ఇరుగుపొరుగు వంటలే చాలును: కర్ణాటకలో రాగి ముద్ద, మహారాష్ట్రలో జొన్న రొట్టె ఉన్నవి గదా.

బి12 విటమిను విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. మాంసము, గ్రుడ్లు, పాలు బాగుగా తీసికొననివారిలోను, వృద్ధులలోను, చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏండ్ల తరబడి వాడువారిలోను ఇది తగ్గవచ్చును. అప్పుడు కాళ్ళ తిమ్మిరి, నీరసము, మతిమరుపు వచ్చును. రక్తపరీక్షలో తెలియును. వెంటనే మందు వాడినయెడల చాలామంది కోలుకొందురు. థైరాయిడు తగ్గినను మతి మందగించును. దానికిని మందు ఉన్నది.

ఒక్క పని చేసి ఊరకుండుట చాలదు. ఫిన్లాండు దేశములో 60 నుండి 77 ఏండ్ల వయస్సుగల 1260 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి రెండేండ్లు ఆహార నియమము, వ్యాయామము, మెదడుకు పని, రక్తపోటు పరీక్ష అన్నియు కలిపి జరిపించిరి. 2015లో ప్రకటించిన ఫలితములలో, సాధారణ సలహా మాత్రమే పొందినవారికంటె వీరి ఆలోచనాశక్తి మెరుగుగా ఉండెను.

మెదడుకు పని అనగానే మనవంటి వలస కుటుంబములకు ఒక శుభవార్త ఉన్నది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందము 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడువారిలో జబ్బు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా మొదలైనట్లు 2013లో తెలిపిరి. చదువురానివారిలోను ఈ తేడా కనబడెను. రెండు భాషలు వచ్చినవారికి జబ్బు రాదని దీని అర్థము కాదు. అయినను బజారులో కన్నడమో ఒడియానో, ఇంటిలో తెలుగో మాట్లాడుట మానవద్దు. మనుమలకు తెలుగు అక్షరములు నేర్పుచు, వారి యొద్ద స్థానిక భాష చదువుట నేర్చుకొనుడి.

అయితే జబ్బు వచ్చినప్పుడు కొందరిలో తరువాత నేర్చిన భాష ముందు జారిపోవును. తమిళములో వైద్యుడు అడిగిన ప్రశ్నకు తెలుగు అమ్మమ్మ జవాబు చెప్పలేనప్పుడు, మరచినది సంగతియా, భాషయా అని ఆయనకు తెలియదు. కావున ఆసుపత్రికి పోవునప్పుడు రెండు భాషలు బాగుగా వచ్చిన బిడ్డ ఎవరైనను వెంట పోవలెను. ఆమె ఇంటిలో ఏ భాష మాట్లాడునో, మార్పు ఏ నెలలో మొదలైనదో, ఏ మాత్రలు మింగుచున్నదో ఒక కాగితము మీద వ్రాసి వైద్యునికి ఇవ్వవలెను.