అమ్మకి వినపడుతుంది... మాటే అందదు

మీతో చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచీ మనసులో మెదులుతూనే ఉంది.

మా అమ్మకి 72 ఏళ్ళు. పండక్కి అందరం అమ్మ దగ్గరే చేరాం. వంటింట్లో ఓ పక్క కుక్కర్ కూతలు, ఇంకో పక్క మిక్సీ మోత. నేను పొయ్యి వైపు తిరిగి అరిసెలు వేయిస్తూ "అమ్మా, ఆ కప్పు ఇలా ఇవ్వు" అన్నాను. అమ్మ పప్పు డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది. పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ కూడా నవ్వేసింది. కానీ ఆ మధ్యాహ్నం నుంచీ వసారాలో కుర్చీ వేసుకుని ఒక్కతే కూర్చుంది. ఎవరేమడిగినా "ఊఁ" అని తలూపడమే. రాత్రి పక్కన చేరి "ఏంటమ్మా అలా ఉన్నావు?" అంటే, "మాటలు వినపడుతూనే ఉన్నాయే. అవేం మాటలో తెలియడం లేదు" అంది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "అమ్మకి కావలసినవి మాత్రం బాగానే వినపడతాయి" అని ఎన్నిసార్లు అన్నానో! మీ ఇళ్ళల్లోనూ ఈ మాట వినే ఉంటారు.

పండగ వెళ్ళగానే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించాం. గుబిలి అడ్డుపడలేదని చూసుకుని వినికిడి పరీక్షకి పంపారు. చప్పుడు లేని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, రకరకాల శబ్దాలు వినిపించి, వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆ లెక్కంతా గీసిన కాగితాన్ని ఆడియోగ్రామ్ అంటారు. అమ్మ కాగితంలో మోటు శబ్దాల దగ్గర గీత బాగానే ఉంది. కీచు శబ్దాల దగ్గరికి వచ్చేసరికి జారుడుబండలా కిందికి దిగిపోయింది.

మన లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న చిన్న భాగం ఉంది. శబ్దాన్ని పట్టే సన్నని వెంట్రుకల్లాంటి కణాలు అందులో సుమారు 15 వేలు ఉంటాయట. కీచు శబ్దాలు పట్టేవి గుమ్మం దగ్గర, మోటు శబ్దాలు పట్టేవి లోపలి చుట్టులో ఉంటాయి. వయసుతోనూ, ఏళ్ళ తరబడి విన్న మోతతోనూ ముందు దెబ్బతినేవి గుమ్మం దగ్గరివే. మనుషుల్లో అవి పోతే మళ్ళీ పుట్టవు.

ఇప్పుడు మన అక్షరాల దగ్గరికి రండి. అ, ఆ, ఉ, ఓ లాంటి అచ్చులు నిండైన శబ్దాలు. వాటి బలం ఎక్కువగా 1000 హెర్ట్జ్‌కి దిగువనే, అంటే మోటు శబ్దాల వైపే ఉంటుంది. అందుకే పెద్దవాళ్ళకి అవి బాగా వినపడతాయి. హల్లుల్లో క, చ, ట, త, ప, స వంటివి క్షణకాలం మెరిసే సన్నని శబ్దాలు. 'స' శబ్దమైతే 4000 హెర్ట్జ్ పైకి కూడా పోతుంది. చిన్నప్పుడు బళ్ళో క చ ట త ప లను పరుషాలని నేర్చుకున్నాం కదా, పేరుకి కఠినమైనవే గానీ చెవికి అవే అతి బలహీనం. జారిపోయేవీ ముందు అవే. పప్పు, తప్పు, కప్పు... వీటిలో ఆ మొదటి హల్లు జారిపోతే మిగిలేది ఒకటే మోత. మా అమ్మ చేతిలోకి కప్పు బదులు పప్పు వచ్చింది అందుకే, నా మాట మీద ధ్యాస లేక కాదు.

నాన్న మాట అందుకుని మనవరాలి మాట వదిలేయడమూ అంతే. మగగొంతు మోటు, పసిగొంతు సన్నం. దాన్ని మనం "కావలసినవే వింటుంది" అనేశాం. "చెవిటివాని ముందు శంఖం" అని సామెత కూడా చెప్పుకుంటాం. అమ్మలాంటివాళ్ళకి శంఖం చక్కగానే వినపడుతుందమ్మా. పక్కన కూర్చున్న మనిషి మాటే అందదు.

మరి గట్టిగా అరిస్తే? అరిచినప్పుడు అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు అంతగా పెరగవు. పైగా ఈ రకం లోపంలో చిన్న శబ్దం అందదు, పెద్దది ఒక్కసారిగా చెవిలో పొడిచినట్టుంటుంది. అందుకే "వినపడలేదు" అన్న మనిషే మరుక్షణం "ఎందుకలా అరుస్తావు?" అంటారు. ఆ రెండు మాటలూ నిజమే.

అసలు మనం మాటని చెవులతో మాత్రమే వినం. 1970లో రిచర్డ్ వారెన్ అనే శాస్త్రవేత్త ఒక వాక్యంలో 'స' శబ్దాన్ని కత్తిరించి, ఆ చోట దగ్గు పెట్టి వినిపించారు. విన్నవాళ్ళలో దాదాపు ఎవరూ అక్షరం పోయిందని గుర్తుపట్టలేదు. మనసే పూరించుకుంది. అమ్మ రోజంతా చేసేది ఇదే, మాటమాటకీ ఖాళీలు పూరించుకోవడం. ఆ పనితోనే సాయంత్రానికి అలిసిపోతుంది. కుక్కర్, మిక్సీ, టీవీ మోతల్లో పూరించడానికీ ఆధారం దొరకదు.

కళ్ళూ వింటాయి. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు 'బ' అనే శబ్దానికి 'గ' అంటున్న పెదవుల బొమ్మ జతచేసి చూపిస్తే, చాలామందికి 'డ' లాంటిది వినిపించింది. పెదవుల్ని చూడటానికి అంత బలం ఉంది. మీరే అద్దంలో చూసుకోండి. పప్పు మొదట్లో పెదవులు మూసుకుంటాయి, తప్పు మొదట్లో తెరిచే ఉంటాయి. చెవి వదిలేసింది కన్ను పట్టుకుంటుంది. అయితే పాట, బాట, మాట అనండి, మూడింటికీ పెదవుల కదలిక ఒకటే. అక్కడ 'బ'లోని గొంతు మోత, 'మ'లోని ముక్కు మోత చెవే పట్టుకోవాలి. అవి మోటు శబ్దాలు కాబట్టి అమ్మకి అందుతాయి. చెవీ, కన్నూ ఒకదానికొకటి తోడన్నమాట. నేనేమో ఆ రోజు పొయ్యి వైపు తిరిగి మాట్లాడాను.

ఇప్పుడు మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ముందు పేరు పెట్టి పిలిచి, ఎదురుగా వెలుతురులో నిలబడి మాట్లాడతాం. మిక్సీ, టీవీ ఆపుతాం. అరవకుండా నిదానంగా చెబుతాం. అందకపోతే అదే మాట పదిసార్లు అనకుండా మార్చి చెబుతాం, "కప్పు" అందకపోతే "టీ తాగే గ్లాసు పక్కనుందే, అది" అని.

చెవి మిషన్ కూడా పెట్టించాం. అమ్మ మొదట్లో ఒప్పుకోలేదు. కళ్ళజోడుకి లేని నామోషీ దీనికెందుకమ్మా అని నచ్చజెప్పాం. ఆడియోగ్రామ్ చూసి ఎవరి చెవికి తగ్గట్టు వాళ్ళకి సరిచేయాలి, ఇంకొకరిది తెచ్చి పెట్టుకునేది కాదు. మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు కూడా పిడుగులా ఉంటుంది. చాలామంది అక్కడే విసిగి బీరువాలో పడేస్తారు. రోజుకో గంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి, మళ్ళీ మళ్ళీ వెళ్ళి సర్దించుకోవాలి. వినికిడి సమస్యల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకి మన సికింద్రాబాద్‌లోనే ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఇంకో మాట. చెవిలో కాచిన నూనె పోయకండి, పిన్నీసులు పెట్టకండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడడం మానేస్తే రేపు చూద్దామనుకోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. పెద్దవాళ్ళే కదా అని వదిలేయకండి. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2020లో డిమెన్షియా అనే మతిమరుపు జబ్బుకి దారితీసే, మనం సరిదిద్దుకోగల 12 కారణాల్లో వినికిడి లోపాన్నీ చేర్చింది. నలుగురిలో మాట కలపలేని మనిషి మెల్లగా ముడుచుకుపోతుందని మా వసారాలో కుర్చీ చూసి నాకు తెలిసింది.

అమ్మ "ఏమన్నావే?" అని రెండోసారి అడిగినప్పుడల్లా నేను "ఏం లేదులే" అనేదాన్ని. ఎన్నేళ్ళు అన్నానో లెక్కలేదు. ఆ ఒక్క మాట మాత్రం ఆవిడకి ప్రతిసారీ స్పష్టంగానే వినపడిందట. అక్కలూ, చెల్లెళ్ళూ, ఈ సాయంత్రం మీ ఇంట్లో పెద్దవాళ్ళు "ఏమన్నావు?" అంటే, "ఏం లేదులే" అనకండి. వెళ్ళి వాళ్ళ ఎదురుగా కూర్చుని, ఇంకోసారి చెప్పండి.