కొత్త గచ్చు – తొలి నీరు

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో కనిపించే చిన్న పనుల వెనుక పెద్ద శాస్త్రసూత్రాలు దాగి ఉంటాయి. కొత్తగా గచ్చు చేసిన తొట్టిలో గాని, ఈతకొలనులో గాని తొలిసారి నీరు నింపేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను, వాటి కారణాలను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నీరు నిలవాలంటే పాత్ర కావాలి. కుండ, నుయ్యి, తొట్టి, కోనేరు, ఈతకొలను – ఇవన్నీ మానవుడు నీటికోసం కల్పించుకొన్న పాత్రలే. సింధునాగరికత కాలపు మొహెంజొదారోలోని మహాస్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు కలది. దాని నిర్మాతలు ఇటుకలను జిప్సం అడుసుతో కూర్చి, నీరు ఇంకిపోకుండా తారువంటి పదార్థాన్ని పూశారు. మన పూర్వులు సున్నాన్ని, ఇసుకను గానుగలో నూరి, బెల్లపునీరు, కరక్కాయ రసం చేర్చి డంగుసున్నం తయారుచేసేవారు. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందిన తరువాత, క్రమంగా సున్నం స్థానాన్ని సిమెంటు ఆక్రమించింది. పదార్థం మారింది కాని, కొత్త గచ్చు ఆయుర్దాయాన్ని తొలిరోజులే నిర్ణయిస్తాయన్న సత్యం మారలేదు.

శ్రీకాకుళం జిల్లాలోని కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరకు పేరుపొందిన ఊరు. ఇటువంటి ఊళ్ళలో సొంత ఈతకొలను ఉన్న ఇల్లు అరుదు; సిమెంటు తొట్టి ఉన్న ఇళ్ళు అనేకం. అమెరికాలోని టెక్సాస్, ఆరిజోనా వంటి వేడి రాష్ట్రాలలో పెరటి ఈతకొలను సామాన్య దృశ్యం. అక్కడ స్థిరపడిన తెలుగువారిలో కొందరు దానిని కూడా ఇంటి బాధ్యతలలో ఒకటిగా చూసుకొంటున్నారు. కోటబొమ్మాళిలోని తొట్టికి, ఆరిజోనాలోని కొలనుకు పరిమాణంలో పోలిక లేకపోవచ్చు. రెండింటి గోడలలో జరిగే రసాయన చర్య మాత్రం ఒక్కటే.

సిమెంటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి అది ఆరడంవల్ల కాక, నీటితో కలిసి చర్య జరపడంవల్ల గట్టిపడుతుంది. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో కలిసినప్పుడు గచ్చుకు బలమిచ్చే జిగురువంటి పదార్థం, దానితోపాటు కాల్షియం హైడ్రాక్సైడ్, అనగా తడిసున్నం, ఏర్పడతాయి. ఈ చర్య పూర్తికాకముందే తేమ ఆవిరైపోతే గచ్చు బీటలు వారుతుంది. అందుకే తాపీమేస్త్రీలు కొత్త గచ్చుపై తడి గోనెపట్టాలు కప్పి నీళ్ళు పడతారు. సాధారణ సిమెంటు కాంక్రీటును కనీసం ఏడు రోజులు, వేడి, పొడి వాతావరణంలో కనీసం పది రోజులు తడిగా ఉంచాలని 2000 సంవత్సరపు భారతీయ ప్రమాణం నిర్దేశించింది.

గచ్చులో పుట్టిన తడిసున్నం కొద్దికొద్దిగా నీటిలో కరుగుతుంది. నీటి ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పి.హెచ్. మానాన్ని 1909లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. శుద్ధజలం పి.హెచ్. 7. సున్నపునీటి పి.హెచ్. 12కు పైబడి ఉంటుంది. కరిగిన సున్నం నీటిలోని బైకార్బొనేట్లతో కలిసినప్పుడు కాల్షియం కార్బొనేట్ అనే తెల్లని పొడి ఏర్పడి అడుగున పేరుకొంటుంది. దీనిని తొలగించకపోతే గచ్చును అంటిపట్టుకొని గరుకుపొరగా మారుతుంది. ఇక నీరు మరీ మృదువుగా గాని, ఆమ్లగుణంతో గాని ఉంటే, తనకు చాలని కాల్షియాన్ని గచ్చునుండే లాగుకొంటుంది. అప్పుడు గచ్చు గుంటలు పడుతుంది. నీరు గచ్చును తినివేస్తుందా, దానిపై పొర కడుతుందా అని అంచనా వేయడానికి అమెరికా శాస్త్రజ్ఞుడు లాంజిలియర్ 1936లో ఒక సూచికను ప్రకటించాడు. కొలనుల నిర్వాహకులు నేటికీ దానిని ఉపయోగిస్తున్నారు.

ఈతకొలనుకు గచ్చు చేసిన వెంటనే, పైభాగం తగినంత గట్టిపడగానే నీరు నింపుతారు. కొలనులోని నీరే గచ్చును తడిగా ఉంచుతుంది. గొట్టం చివర మెత్తని గుడ్డ చుట్టి, దానిని లోతైన చోట ఉంచాలి. పైనుండి ధారగా పడే నీరు లేతగచ్చును కోసివేస్తుంది. నింపడం మొదలుపెట్టిన తరువాత మధ్యలో ఆపకూడదు. ఆపితే నీరు నిలిచిన చోట చెరగని గీత ఏర్పడవచ్చు. నిండగానే పంపును, వడపోత యంత్రాన్ని ఆరంభించి తొలిరోజులలో రాత్రింబవళ్ళు నడపాలి. నైలాను కుంచెతో గోడలను, అడుగును రోజుకు రెండుసార్లు చొప్పున రెండు వారాలపాటు రుద్దాలి. ప్రతిదినం నీటిని పరీక్షించి, పి.హెచ్.ను 7.2 – 7.6 మధ్యకు తీసుకురావాలి. ఇందుకు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ముందుగా నీటిలో పలుచన చేసి, కొద్దికొద్దిగా కలపాలి. ఆమ్లాన్నే నీటిలో పోయాలి. నీటిని ఆమ్లంలో పోయరాదు. తొలి రెండు రోజులు క్లోరిన్ కలపరు. కొలనులో ఉప్పు వాడదలచినవారు దాదాపు నాలుగు వారాలు ఆగుతారు. బోరునీటిలో ఇనుము ఉంటే కొత్త గచ్చుపై తుప్పురంగు మరకలు పడతాయి కనుక, నింపే ముందే ఆ నీటిని పరీక్షింపజేయడం వివేకం.

తాగునీటి తొట్టి విషయంలో పద్ధతి కొంత వేరు. గచ్చును తడిపే గడువు ముగిసిన తరువాత తొట్టిని నింపి, ఒకటి రెండు రోజులు ఉంచి, ఆ నీటిని పారబోయాలి. గోడలు రుద్ది మళ్ళీ నింపాలి. సున్నపు రుచి పోయేవరకు ఇలా చేయాలి. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటి పి.హెచ్. 6.5 – 8.5 మధ్య ఉండాలి. ఇది రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. క్లోరిన్ నీటిలో కలిసినప్పుడు ఏర్పడే హైపోక్లోరస్ ఆమ్లమే క్రిములను చంపుతుంది. పి.హెచ్. 7.5 వద్ద అందులో సుమారు సగం పనిచేస్తుంది, 8.5 వద్ద పదోవంతు మాత్రమే మిగులుతుంది. కనుక సున్నం వదలని తొట్టిలో బ్లీచింగ్ పొడి కలిపినా క్రిములు చావక, ఇంటివారు నీరు శుద్ధమైనదనే భ్రమలో ఉండిపోతారు. శుభ్రమైన తొట్టిలో వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి కలిపి, కనీసం ఒక గంట ఆగిన తరువాతనే నీటిని వాడాలి.

నేలలో కట్టిన మూతతొట్టిలోకి దిగడం ప్రాణాపాయకరం. చాలాకాలం మూసి ఉన్న తొట్టిలో, ముఖ్యంగా కట్టడపు చెక్కలు లోపల కుళ్ళుతున్నప్పుడు, ప్రాణవాయువు తరిగిపోతుంది. దిగిన మనిషి క్షణాలలో స్పృహ తప్పుతాడు. రక్షించబోయి దిగిన రెండవ మనిషీ ప్రాణం కోల్పోతాడు. మూత తెరిచి గాలి బాగా ఆడనిచ్చి, నడుముకు తాడు కట్టి, పైన తోడు ఉంచకుండా ఎవరినీ లోపలికి దింపరాదు. కూలివాని ప్రాణం కంటె తొట్టి శుభ్రత గొప్పది కాదు.

గచ్చు చేయడం మేస్త్రి విద్య. దానిని నిలుపుకోవడం ఇంటి యజమాని ఓర్పు. ఒక నెల శ్రద్ధ చూపితే కొత్త గచ్చు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. తొందరపడినవాని చేత అదే గచ్చు రెండవసారి ఖర్చు పెట్టిస్తుంది.

పదాలు – అర్థాలు

ఆయుర్దాయం = జీవితకాలం
మృదుజలం = లవణాలు తక్కువగా ఉన్న నీరు
సూచిక = స్థితిని తెలిపే కొలమానం
ప్రాణవాయువు = ఆక్సిజన్

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. కొత్త ఈతకొలనుకు, తాగునీటి తొట్టికి పాటించవలసిన జాగ్రత్తలలోని పోలికలను, భేదాలను వివరించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. సిమెంటు గట్టిపడటానికి కారణమేమిటి?
2. సున్నం వదలని తొట్టిలో బ్లీచింగ్ పొడి ఎందుకు చాలినంతగా పనిచేయదు?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పి.హెచ్. మానాన్ని ప్రవేశపెట్టినది ఎవరు?
2. కొలను నింపేటప్పుడు గొట్టం చివర గుడ్డ ఎందుకు చుట్టాలి?