ఎండ మేలో, దెబ్బ జూలైలో: మేకపోతుల్లో ఆక్సీకరణ ఒత్తిడి

బిలాస్‌పూర్‌లో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండ వింతేమీ కాదు. రైల్వే ఉద్యోగాలకని వచ్చి తరాలుగా స్థిరపడిన అక్కడి తెలుగువారికి ఆ సెగ బాగా తెలుసు. చుట్టుపక్కల పల్లెల్లో మేకలు ఆ ఎండలోనే మేస్తాయి. వానలు పడి పచ్చిక మొలిచాక ఎదకు వచ్చి పోతుతో కలిసినా కొన్ని చూలు కట్టవు. రైతు తప్పంతా ఆడమేకల మీద వేస్తాడు. అసలు కారణం పోతులో, అదీ రెండు నెలల కిందటి ఎండలో ఉండవచ్చు.

ప్రతి జీవకణంలోనూ ఆక్సిజన్ వాడకం వల్ల కొద్దిపాటి ఫ్రీ రాడికల్స్ పుడుతూనే ఉంటాయి. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యూటేజ్, కాటలేజ్, గ్లూటథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు, విటమిన్ ఇ, సి వాటిని అదుపులో ఉంచుతాయి. తీవ్రమైన వేడికి మైటోకాండ్రియా పని గాడి తప్పి ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయి. ఈ రక్షణ వాటికి చాలకపోతే అదే ఆక్సీకరణ ఒత్తిడి.

వీర్యకణానికి ఇది మరీ ప్రమాదం. దాని పొరలో తేలికగా ఆక్సీకరణం చెందే అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. కణద్రవ్యం చాలా తక్కువ కాబట్టి రక్షక ఎంజైములకు చోటూ తక్కువే. పొర చెడితే కదలిక మందగిస్తుంది. డీఎన్ఏ కూడా దెబ్బతినవచ్చు.

మేక శరీర ఉష్ణోగ్రత సుమారు 39 డిగ్రీలు. వృషణాలు అంతకన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే బయట వేలాడతాయి. బయటి గాలే ఒంటికన్నా వేడిగా ఉన్న రోజున ఆ ఏర్పాటు సరిపోదు. పైగా వీర్యకణం తయారవడానికి సుమారు 48 రోజులు, ఎపిడిడిమిస్‌లో పరిపక్వం కావడానికి మరో పది రోజులకు పైగా పడుతుంది. అంటే మే ఎండలో దెబ్బతిన్న కణాల ఫలితం జూలైలో కనబడుతుంది. అప్పటికి పోతు చూడ్డానికి దిట్టంగానే ఉంటుంది!

రక్తపరీక్షలో ఈ ఎంజైములు పెరిగి కనిపిస్తే అది ఆరోగ్యానికి గుర్తనుకోవడం తొందరపాటు. ఒత్తిడిని తట్టుకోవడానికే శరీరం వాటిని పెంచి ఉండవచ్చు. అందుకే కొవ్వులు ఆక్సీకరణం చెందినప్పుడు పుట్టే మాలాన్‌డైఆల్డిహైడ్‌నూ కలిపి చూడాలి.

మేక తనకు కావలసిన విటమిన్ సి కాలేయంలో తానే తయారుచేసుకుంటుంది. మనకు ఆ భాగ్యం లేదు. విటమిన్ ఇ మాత్రం మేతలోంచే రావాలి. అది పచ్చిమేతలో పుష్కలం, ఎండుగడ్డిలో తక్కువ. సరిగ్గా వేసవిలోనే పచ్చిమేత కరువు. కాబట్టి విత్తనపు పోతుకు నీడ, చల్లని నీరు, చెట్ల ఆకుల మేత ఏప్రిల్ నుంచే అందాలి. మేపడం తెల్లవారుజామున, సాయంత్రం. గ్లూటథయోన్ పెరాక్సిడేజ్‌కు సెలీనియం అవసరమే అయినా మోతాదు మించితే విషం. అందుకే దాన్ని పశువైద్యుడు చెప్పిన కొలతలోనే ఇవ్వాలి.