వెలుగు చాలని చోట ఏ రీలు?

ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి ఇందు రీళ్లతో పని నేర్చుకున్న తరం మాది. జగ్గయ్యపేటలో స్టూడియో నడిపాను. నందిగామ పెళ్లిళ్లు, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లు తీశాను. ఈమధ్య కుర్రవాళ్లు వాడి పారేసే కెమెరాలు తెచ్చి, ఫ్లాష్ లేకుండా రాత్రిపూట ఏ స్పీడు రీలు బాగుంటుందని అడుగుతున్నారు. నాకు తెలిసింది చెబుతాను నాయనా.

1. ముందు కెమెరా హద్దు తెలుసుకో.

కోడాక్ ఫన్‌సేవర్‌లో లెన్సు ఎఫ్/10, షట్టర్ సెకనులో నూరో వంతు. ఆ రెండూ మారవు. ఇక నీ చేతిలో ఉన్నది రీలు స్పీడు ఒక్కటే, అదీ కొనేటప్పుడే. 200 నుంచి 400కీ, 400 నుంచి 800కీ వెళ్లిన ప్రతిసారీ కావలసిన వెలుగు సగానికి తగ్గుతుంది. అందుకే 800 ఉన్న కెమెరానే తీసుకో. గింజ కాస్త లావుగా కనిపిస్తే కనిపించనీ.

2. 800 రీలుది సంధ్యవేళ, అర్ధరాత్రి కాదు.

పొద్దు గుంకిన కాసేపటి వరకూ ముక్త్యాల రేవులో కృష్ణ మీద ఉండే వెలుగు దానికి చాలు. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద మాత్రం, దానికి కావలసిన వెలుగులో పదహారో వంతో ముప్ఫై రెండో వంతో దొరుకుతుంది. నెగెటివ్ రీలు ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది గానీ తక్కువను ఓర్చుకోదు.

3. పడని వెలుగును డార్క్‌రూమ్ పుట్టించలేదు.

ఇది నాకు బాధతో వచ్చిన చదువు. తిరునాళ్ల రాత్రి పద్యనాటకం. ఫ్లాష్ కొడితే నటుల ఏకాగ్రత చెదురుతుందని మానేశాను, అది సబబే. కానీ నున్నటి ప్రింటు మీద మోజుతో 100 రీలు పెట్టుకెళ్లాను. చాలని వెలుగును డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి రాబట్టవచ్చనుకున్నాను. అలా చేస్తే బాగా వెలుగు పడిన చోట్లు మరింత ముదురుతాయి, నీడలో ఉన్నది రాదు. కిరీటాలు తళతళలాడాయి, కళ్లు నల్లగా పోయాయి. కోడాక్ ట్రై-ఎక్స్ 35 ఎంఎం రీలు 1954 నుంచే లోకంలో ఉంది. 400 రీలు, ఎఫ్/2 లెన్సు, సెకనులో ముప్ఫయ్యో వంతు, పందిరి గుంజకు ఆనించిన భుజం ఉంటే ఆ స్టేజి దీపాలు సరిపోయేవి. ఆ నటుల్లో ఇప్పుడు ఎవరూ లేరు. వాళ్ల పిల్లలు వచ్చి ఫొటో అడిగితే నా దగ్గర కిరీటాలే ఉన్నాయి.

4. ఫాస్ట్ రీలు మన మెట్ట ఎండకు ఆగదు.

స్పీడు పెరిగేకొద్దీ వేడికి త్వరగా మసకబారుతుంది. మే నెలలో కారులో వదలకు. ఫ్రిజ్‌లో దాచు, తీశాక చల్లదనం పోయేదాకా విప్పకు. అమెరికా నుంచి తెప్పించుకుంటే, విమానాశ్రయంలో స్కానర్‌లో పెట్టకుండా చేత్తో చూడమని అడగమను. కొత్త సీటీ స్కానర్లు రీలును పాడుచేస్తాయి.

5. రీలు మార్చలేకపోతే మనిషిని జరుపు.

బల్బుకు ఎనిమిది అడుగుల దూరంలో కూర్చున్న అమ్మమ్మను నాలుగడుగులకు రప్పిస్తే ఆమె ముఖం మీద వెలుగు నాలుగింతలవుతుంది. 200 రీలు తీసి 800 పెట్టినంత లాభం, ఖర్చు లేకుండా. ముఖం బల్బు వైపు తిప్పించు. నువ్వు మాత్రం నాలుగడుగుల కంటే దగ్గరికి వెళ్లకు, ఆ లెన్సుకు అంత దగ్గర ఆనదు.